గడప లోపలి తీర్పు

2025 మార్చిలో మహిళా దినోత్సవం సందర్భంగా విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు ఒక ప్రకటన చేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే తన జీతంలోంచి 50,000 రూపాయలు ఆ పిల్ల పేరున డిపాజిట్ చేస్తారట. మగపిల్లాడు పుడితే ఆవునిస్తారట. అంతకు నాలుగు నెలల ముందే, 2024 నవంబరులో, రాష్ట్ర శాసనసభ ఒక పాత నిబంధనను ఎత్తేసింది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994 పంచాయతీరాజ్ చట్టం పెట్టిన నిబంధన అది. 1997లో జనాభా నియంత్రణకు రాష్ట్ర విధానాన్ని తెచ్చిన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడే ఇప్పుడు ఎక్కువమందిని కనండని అడుగుతున్నారు. 2024 డిసెంబరులో నాగపూర్‌లో ఆర్‌ఎస్‌ఎస్ అధినేత మోహన్ భాగవత్ కూడా సంతాన రేటు 2.1 కంటే తగ్గితే సమాజం నిలవదని, అందుకని ముగ్గురు పిల్లలు కావాలని అన్నారు.

కుటుంబం, సంతానం, గర్భస్రావం గురించి సంప్రదాయవాదుల ఆలోచన ఏమిటన్న ప్రశ్నను మన ఉత్తరాంధ్రలో నిలబెట్టి చూడటానికి ఇంతకంటే సరైన సమయం లేదు. అయితే అమెరికా వార్తలు చదివి ఈ ప్రశ్నలోకి దిగితే దారి తప్పుతాం. అక్కడ 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన గర్భస్రావ హక్కును 2022 జూన్ 24న అదే కోర్టు వెనక్కి తీసుకుంది. పార్టీలు ఆ గీతకు అటూ ఇటూ చీలిపోయాయి. డాలస్‌లో ఉంటున్న మన ఆడపిల్లలు కూడా ఇప్పుడు టెక్సాస్ చట్టం కిందే బతుకుతున్నారు. శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో గర్భస్రావం మీద ఓటు అడిగిన నాయకుడు లేడు. ఈ విషయం మీద ఊరేగింపు కూడా జరగలేదు. అలాగని అభిప్రాయం లేదనుకోకూడదు. అది ఇళ్లల్లో ఉంది, చాలా గట్టిగా ఉంది. చట్టంతో దానికి పనిలేదు. తీర్పు గడప లోపలే అయిపోతుంది.

ఆ అభిప్రాయం ఒకే ఊటలోంచి వచ్చింది కాదు. ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను మహాపాతకాల వరసలో చెప్పాయి. గర్భాధానం, పుంసవనం, సీమంతం అంటూ బిడ్డ భూమ్మీద పడకముందే సంస్కారాలు పెట్టాయి. లోపలున్నది అప్పటికే మన మనిషి, మన వంశం అన్న నమ్మకం వాటన్నిటికీ మూలం. మా వైపు సీమంతంలో ఆ నమ్మకం కళ్లకు కడుతుంది. పీట మీద కూర్చున్న పిల్లకి పేరంటాళ్లు ఒక్కొక్కరే బుగ్గలకు పసుపు రాస్తారు, చేతుల నిండా గాజులు వేస్తారు, ఒడిలో పళ్లూ మిఠాయిలూ పెడతారు. కన్నోరింటి నుంచి చలిమిడి వస్తుంది. కడుపుతో ఉన్న మనిషి ఊరందరి మనిషి అయిపోతుంది. వీధిలో ఎదురైన ప్రతి ముసలమ్మా ‘ఏటి తిన్నావే అమ్మి’ అని అడుగుతుంది. సంప్రదాయవాదంలో నాకు విలువైనదిగా తోచేది ఇదే. ఒక ప్రాణం రావడం ఒక్క ఆడమనిషి సొంత గొడవ కాదని, చుట్టూ ఉన్నవాళ్లందరూ దాని బరువు పంచుకోవాలని ఆ పద్ధతి చెబుతోంది. పట్నాల్లో ఒంటరిగా అపార్ట్‌మెంట్లో తొమ్మిది నెలలు మోసే అమ్మాయికి ఈ అండ ఎంత కరువో ఆమెనే అడగాలి.

అదే సంస్కారాల్లో పుంసవనం కొడుకు కోసం చేసేది. ఈ విషయం ముందు ముందు మళ్లీ ఎదురవుతుంది కాబట్టి ఇక్కడే గుర్తు పెట్టుకోవాలి.

మన ప్రాంతంలో ఈ చర్చ 1971 గర్భస్రావ చట్టంతో మొదలైందనుకుంటే పొరపాటు. అంతకు తొంభై ఏళ్ల ముందు, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆనాటి సంస్కర్తల వాదనలో పెద్ద భాగం భ్రూణహత్య గురించే. పదేళ్లకే విధవ అయిన పిల్లను జీవితమంతా మూలన కూర్చోబెడితే ఆమెకు కడుపు వచ్చినప్పుడు ఏం జరుగుతోందో, నూతులూ నాటుమందులూ ఎవర్ని మింగుతున్నాయో చూడమని వాళ్లు అడిగారు. గర్భాన్ని చంపడం పాపమని సంస్కర్తలూ ఒప్పుకున్నారు, ఛాందసులూ ఒప్పుకున్నారు. తేడా ఒక్కచోటే. పాపం చేసింది ఆ పిల్ల అని ఛాందసులు అన్నారు. ఆ పిల్లకు వేరే దారి లేకుండా చేసినవాళ్ల పాపం ఎంత అని సంస్కర్తలు అడిగారు. ఈ రెండో ప్రశ్నకు నూట నలభై ఏళ్లు దాటినా జవాబు రాలేదన్నది నా నమ్మకం. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

విజయనగరంలో గురజాడ అప్పారావు ఈ లెక్కను మరో కొస నుంచి పట్టుకున్నారు. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు పీఠికలో, ఆనందగజపతి మహారాజు సేకరింపజేసిన వివరాలు ఆయన పొందుపరిచారు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన, పిల్లకు డబ్బు పుచ్చుకుని చేసిన శుల్క వివాహాలు 1,034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44 మంది, మూడేళ్ల వాళ్లు 36 మంది. ఏడాది నిండిన పసిగుడ్లు కూడా ముగ్గురున్నారు. ఇంకా పుట్టని పిల్లకు సైతం బేరం కుదిరేదని అదే పీఠిక చెబుతుంది. గర్భం పవిత్రమన్న ఇళ్లల్లోనే గర్భంలోని పిల్లకు ధర కట్టారు.

తరవాతి తరం విజయనగరం రచయిత చాసో ‘ఏలూరెళ్లాలి’ కథలో ముసలి మొగుడికి రెండో పెళ్లాంగా వెళ్లిన ఒక చిన్నదాన్ని చూపించారు. కడుపు పండకపోతే మొగుడు పోయాక ఆస్తీ లేదు, గౌరవమూ లేదు. ఆమె తన దారి తాను వెతుక్కుంటుంది. శ్రీకాకుళం జిల్లా కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో పంచాయతీ పెద్దలు ధర్మం ప్రకారమే అప్పు తీర్చమని తీర్పు చెబుతారు. ఆ అప్పు తన కొడుకు నెత్తిన పడకూడదని ఒక తండ్రి కన్నబిడ్డనే చంపుకుంటాడు. ఈ రెండూ గర్భస్రావం కథలు కావు. ఐనా ఈ విషయం మీద మాట్లాడబోయే ప్రతి పెద్దమనిషీ ముందు ఈ రెండూ చదవాలంటాను. ధర్మం చెప్పేవాడొకడు, దాన్ని మోసేవాళ్లు వేరొకరు అయినప్పుడు ఏమవుతుందో వాటిలో ఉంది.

ఇక చట్టం. 1860 శిక్షాస్మృతి గర్భస్రావాన్ని నేరం చేసింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ 88వ సెక్షన్ నుంచి ఆ నేరాలున్నాయి. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసే విషయం చూడటానికి 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు, 1966లో నివేదిక వచ్చింది, 1971లో చట్టమైంది, 1972 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. ఆ రోజుల్లో దీన్ని గట్టిగా సమర్థించిన కేంద్ర ఆరోగ్య మంత్రి శ్రీపతి చంద్రశేఖర్ మన రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త. ఇక్కడ సంప్రదాయవాదుల విమర్శ ఒకటి నిజమని ఒప్పుకోవాలి. ఆ చట్టం ఆడవాళ్ల హక్కుగా మాత్రమే రాలేదు. చాటుమాటు గర్భస్రావాల్లో పోతున్న ప్రాణాల గురించిన ఆందోళన ఒకవైపు, జనాభా భయం మరోవైపు దాన్ని నడిపించాయి. జనాన్ని తగ్గించాలనుకున్న రాజ్యం ఎంత దూరం పోగలదో 1975-77 ఎమర్జెన్సీ నాటి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చూపించాయి. కుటుంబం మీద ప్రభుత్వం చెయ్యి పడకూడదన్న సంప్రదాయవాదుల జంకు ఉత్తి మూఢత్వం కాదు. అయితే ఆ జంకు ఇప్పుడూ ఉండాలి కదా. తగ్గించమన్నప్పుడు తప్పయిన చెయ్యి పెంచమన్నప్పుడు ఒప్పెలా అవుతుంది? ఇద్దరు పిల్లల నిబంధన మీద ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో అధ్యయనం చేసిన నిర్మలా బుచ్, పదవి కోసం గర్భం తీయించడం, మూడో బిడ్డను దత్తతకిచ్చేయడం, భార్యను వదిలేయడం లాంటివి నమోదు చేశారు. అవన్నీ ఎవరి ఒంటి మీద జరిగాయో చెప్పక్కర్లేదు.

1971 చట్టానికి 2021లో వచ్చిన సవరణ 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలంది. కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలిచ్చింది. పిండంలో తీవ్రమైన లోపముంటే మెడికల్ బోర్డు అనుమతితో ఆ తరవాత కూడా వీలుంది. ‘భర్త’ ఉన్నచోట ‘భాగస్వామి’ని తెచ్చింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందని తీర్పు చెప్పింది. దీంతో పెళ్లి అనే కట్టుకు విలువ పోయిందని బాధపడినవాళ్లున్నారు. భర్త అనుమతి అక్కర్లేదన్న విషయమైతే మొదటి నుంచీ వాళ్లను గుచ్చుతూనే ఉంది. సమ్మతి పత్రం మీద పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు. తనను అడగలేదని పరిహారం కోరిన ఒక భర్త పిటిషన్‌ను 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

కాగితం మీద మాట అది. రాజాం వైపో నరసన్నపేట వైపో ఒక ఊరి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లినప్పుడు నడిచే మాట వేరు. కోడలు నెల తప్పింది. పెద్దదానికి రెండేళ్లు నిండలేదు. మొగుడు విశాఖలో మేస్త్రీ పనికో, గుజరాత్ వేరావల్ రేవులో వేటకో పోయాడు. ఆశా కార్యకర్త కోడల్ని అడుగుతుంది, జవాబు అత్త దగ్గర్నుంచి వస్తుంది. ఫోన్లో కొడుకు ‘అమ్మ ఏటంటే అదే’ అంటాడు. మొదటి కడుపు మాత్రం తీయించకూడదు, తీయిస్తే మళ్లీ నిలవదన్నది ఇంటి నమ్మకం. ఇద్దరు పుట్టాక మరొకటి వస్తే తీయించుకోవచ్చు, అప్పుడు పాపం మాట ఎవరూ ఎత్తరు. ఆపరేషన్ కూడా అప్పుడే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. సంతాన రేటు 1.7. అంటే మన సంప్రదాయ కుటుంబం ఆచరణలో ఎప్పుడో చిన్న కుటుంబమైపోయింది. ఆ మార్పు భారమంతా ఆడదాని పొట్ట మీద కోతగా పడింది. మగాడి ఆపరేషన్ ఊసు ఏ ఇంట్లోనూ రాదు.

ఇక ఆడపిండం సంగతి, పుంసవనం దగ్గర గుర్తు పెట్టుకోమన్నది ఇదే. ఇందులో సంప్రదాయవాదులూ స్త్రీవాదులూ ఒకే మాట మీద ఉండాలి, చాలావరకు ఉన్నారు కూడా. 1994 నాటి మరో చట్టం లింగనిర్ధారణను నిషేధించింది. పట్టణంలో ప్రతి స్కానింగ్ సెంటరు గోడ మీదా ఆ నిషేధం బోర్డు ఉంటుంది, ప్రతి గర్భిణి వివరాలూ ఎఫ్ ఫారంలో రాయాలి. 2011 జనగణనలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. దీన్ని చూసి మనవైపు ఆ జబ్బు లేదని ధీమాగా ఉండేవాళ్లున్నారు. మగవాళ్ల వలసలు కూడా ఆ లెక్కలో దాగి ఉంటాయి. చూడాల్సింది ఆరేళ్లలోపు పిల్లల లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వెయ్యి మంది మగపిల్లలకు 961 మంది ఆడపిల్లలుంటే 2011కి 939కి దిగింది. ‘ఆడగుంట లచ్చిమి’ అని ముద్దుచేసే ఇంట్లోనే మూడోసారీ ఆడగుంట అయితే కట్నం ఎక్కణ్ణుంచి తేవాలన్న ప్రశ్న లేస్తుంది. డిపాజిట్ ఆడపిల్లకు, ఆవు మగపిల్లాడికి అన్నప్పుడు ఎంపీగారి ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆడపిల్లకు ముందుగా డబ్బు మూట కట్టాల్సిన అవసరం ఎందుకొస్తోందో ఆ ప్రకటన అడగలేదు. కట్నం తీసుకున్న పెళ్లికి వెళ్లబోమని తీర్మానించిన కుల సంఘం ఒక్కటి కనిపించినా, భ్రూణహత్య మీద వాళ్ల మాటకు నేను చెవి ఒగ్గుతాను.

దీనికి మరో పక్క కూడా ఉంది. భ్రూణహత్య నేరమని గోడల నిండా రాయించడంతో గర్భస్రావమంతా నేరమేననుకునే ఆడవాళ్లు తయారయ్యారు. వాళ్లు ప్రభుత్వాసుపత్రికి వెళ్లరు. మందుల షాపులో మాత్రలు కొనుక్కుంటారు, ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు, రక్తం ఆగక చివరికి జిల్లా ఆసుపత్రికి వస్తారు. కడుపులో బిడ్డ మీద జాలితో రాయించిన మాట తల్లి ప్రాణం మీదికి వచ్చింది.

మతాల్లో అన్నిటికంటే నిలకడగా మాట్లాడేది కాథలిక్కులే. శ్రీకాకుళం మేత్రాసనం 1993లో ఏర్పడింది. దాని కింద కొండల్లోనూ మైదానంలోనూ పాఠశాలలు, వైద్యశాలలు ఉన్నాయి. గర్భస్రావ చట్టానికి యాభై ఏళ్లు నిండిన 2021 ఆగస్టు 10ని దేశంలోని కాథలిక్ బిషప్పుల సంఘం సంతాప దినంగా పాటించమంది. వాళ్లతో నేను చాలా విషయాల్లో ఏకీభవించను. గర్భనిరోధకాలు సైతం తప్పనే 1968 నాటి పోపు బోధన ఉత్తరాంధ్ర పేద ఇల్లాలికి ఏ దారీ మిగల్చదు. అయినా వాళ్లది తూకం మార్చని మాట. ఆడపిండమైనా, లోపమున్న పిండమైనా, పెళ్లికాని తల్లిదైనా వాళ్లకు ఒకటే. ముస్లిం పండితుల్లో చాలామంది 120 రోజుల్ని ఒక హద్దుగా చూస్తారు, తల్లి ప్రాణానికి పెద్దపీట వేస్తారు. గాంధీగారు గర్భనిరోధకాలనూ కాదని నిగ్రహాన్నే నమ్మారు. ఆ నిగ్రహం భర్తకు లేనప్పుడు భార్య ఏం చేయాలన్న చోట ఆయన బోధ నాకు అక్కరకు రాలేదు.

సంప్రదాయవాదం అన్నిటికంటే బలంగా నిలిచేది లోపమున్న బిడ్డ విషయంలోనూ, నెలలు నిండుతున్న గర్భం విషయంలోనూ. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి, ప్రసవం తరవాతి మానసిక జబ్బుతో బాధపడిన స్త్రీ, 26 వారాల గర్భం తీయించుకోవడానికి సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ బి.వి. నాగరత్న చెరో తీర్పు ఇచ్చారు. చివరికి ముగ్గురు జడ్జీల ధర్మాసనం అక్టోబరు 16న అనుమతి నిరాకరించింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, బయటికి తీస్తే బతికే అవకాశముంది, ఆపమని ఎవరు చెప్పగలరన్న వేదన అక్కడ నిజమైనది. దాన్ని ఛాందసమని కొట్టిపారేసే అభ్యుదయవాదులతో నేను లేను. అలాగే, పుట్టుకతో వచ్చే ప్రతి లోపాన్నీ బతకకూడని బతుకుగా చూడటం మొదలుపెడితే మన మధ్య చక్రాల కుర్చీలో తిరిగే పిల్లలకు మనం ఏం చెబుతున్నట్టు? ఈ ప్రశ్న అడిగే హక్కు సంప్రదాయవాదులకుంది. కానీ దివ్యాంగుడైన కొడుకుని తల్లి ఇరవై ఏళ్లు ఎత్తుకు తిప్పుతుంటే ఆ వీధివాళ్లు ఎంతమంది చెయ్యి వేశారో కూడా లెక్కలోకి రావాలి.

ఈ వాదాలన్నీ కొండెక్కేసరికి మారిపోతాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు సవర, జాతాపు గిరిజనుల్లో పెళ్లికి ఓలి ఇచ్చేది మగపిల్లాడి వైపువాళ్లు. విడిపోయిన మనిషికీ మొగుడు పోయిన మనిషికీ మళ్లీ పెళ్లి తప్పు కాదు. ఆడపిల్ల పుట్టిందని ముఖం ముడుచుకునే ఇల్లు అక్కడ అరుదు. సంస్కృతి పేరెత్తేవాళ్లు దీన్ని మన సంస్కృతిగా ఎందుకు లెక్కపెట్టరో నాకు అర్థం కాదు. వాళ్ల కష్టం వేరు. దారి లేని కొండ మీద నుంచి డోలీ కట్టి మోసుకొస్తుంటే దారిలోనే పోయిన తల్లులూ బిడ్డలూ ఎందరో. 2018లో పార్వతీపురం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతిగృహం తెరిచింది. నెలలు నిండేముందే కిందికి దిగివచ్చి, వేళకు తిని, నర్సు కళ్లముందు ఉండి, ఆసుపత్రిలో కని ఇంటికెళ్తారు. గర్భంలో ప్రాణాన్ని కాపాడాలనుకునేవాడు నేర్చుకోవాల్సిన పని అక్కడ ఉంది.

పెళ్లికాని పిల్ల దగ్గరికి వస్తే సంప్రదాయ కుటుంబం తన మాట తానే తప్పుతుంది. గర్భస్రావం మహాపాపమన్న తండ్రే ఆ రాత్రికి కారు మాట్లాడతాడు. తెలిసినవాళ్లు లేని ఊళ్లో నర్సింగ్‌హోమ్ వెతుకుతారు, పిల్ల కాలేజీకి రెండు వారాలు జ్వరమని చెబుతారు. నలుగురికీ తెలిస్తే ఏటవుద్దన్న మాట ముందు శాస్త్రమూ నిలవదు, బైబిలూ నిలవదు. ఆ పిల్లకు ఉంచుకోవాలనుందా, తీయించుకోవాలనుందా అని ఎవరూ అడగరు. రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. పరువు భయమే ఆ తొందరకు పెద్ద కారణం. పదిహేడేళ్ల పిల్లకు మెడలో పుస్తె ఉంటే ఆ కడుపు శుభం, లేకపోతే అపచారం. ఒళ్లు మాత్రం రెండుచోట్లా ఒకటే, ప్రమాదమూ ఒకటే.

నా అభిప్రాయం దాచుకోను. మొదటి నెలల్లో నిర్ణయం ఆ స్త్రీదే కావాలి. అత్తది కాదు, తండ్రిది కాదు, మనుషుల్ని లెక్కపెట్టుకునే ప్రభుత్వానిది అసలే కాదు. అయితే ఆ నిర్ణయం నిజంగా ఆమెది కావాలంటే బిడ్డను కనే దారి కూడా తెరిచి ఉండాలి. అది తెరవాల్సినవాళ్లు ప్రాణం పవిత్రమని చెప్పేవాళ్లే. బాలల న్యాయచట్టం 2015 ప్రకారం, పెంచలేని తల్లి బిడ్డను శిశు సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది, పేరు బయటికి రాదు. జిల్లాల్లో శిశుగృహలు ఉన్నాయి, ఎదురుచూసే దంపతులు సంవత్సరాల తరబడి వరసలో ఉన్నారు. ఐనా పసిబిడ్డలు తుప్పల్లో దొరికారన్న వార్త మన పేపర్లలో ఆగడం లేదు. ఈ చట్టం గురించి ఒక ప్రవచనంలో గానీ, ఆదివారం ప్రసంగంలో గానీ, కుల సంఘం వనభోజనాల్లో గానీ ఎవరైనా చెప్పగా నేను వినలేదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయొచ్చని గుడి గోడ మీదా చర్చి గోడ మీదా రాయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రాయించాక, ఆ నంబరుకు ఫోన్ చేసిన పిల్ల బిడ్డను కని తిరిగొస్తే ఆమెకు ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, ఆమె చదువు మళ్లీ మొదలుపెట్టించేవాళ్లు ఆ గుడిలోంచీ ఆ చర్చిలోంచీ రావాలి.